వాడపల్లి సీమయందలి విద్యుదుపకేంద్రములు

మూసీనది కృష్ణలో సంగమించు చోట, నల్లగొండ జిల్లా దామరచర్ల మండలమున, వాడపల్లి యను గ్రామము కలదు. మీనాక్షీ అగస్త్యేశ్వరస్వామి, లక్ష్మీనరసింహస్వామి ఆలయములచేత యాత్రికులకు చిరపరిచితమైన యీ గ్రామమునకు నదికి ఆవలి గట్టు పల్నాడు; అద్దంకి–నార్కట్‌పల్లి రహదారియు, బీబీనగరు–నడికుడి రైలుమార్గమును ఈ పరిసరములయందే కృష్ణను దాటుచున్నవి. ఎగువన నాగార్జునసాగరు, దిగువన పులిచింతల, ఉత్తరమున మిర్యాలగూడ, ఆ పైన సూర్యాపేట, తూర్పు దిక్కున హుజూరునగరు, కోదాడ: ఈ పరిధిలో నదియు, కాలువయు, సున్నపురాతి గనులును, వరిపొలములును ఒకదానినొకటి ఒరసికొని యుండుటచేత, విద్యుత్తును పుట్టించువారును వాడుకొనువారును ఇంత దగ్గరగా, ఇంత భిన్నస్వభావములతో కలిసియున్న సీమలు తెలంగాణమున అరుదు. అట్టి సీమయందు ఉపకేంద్రము నిర్వహించు పాత్రను పరిశీలించినచో, విద్యుజ్జాలము యొక్క నడక యావత్తును తెలియవచ్చును.

జనవ్యవహారమున సబ్‌స్టేషను అనబడు ఈ ఉపకేంద్రము విద్యుత్తును పుట్టించునది కాదు. తన దీపములకును, పంకాలకును తప్ప వాడుకొనునదియు కాదు. ఒక వోల్టేజిలో వచ్చిన విద్యుత్తును మరొక వోల్టేజికి మార్చుట, పలుదిక్కుల నుండి వచ్చు తీగలను ఒకచోట చేర్చి మరల పలుదిక్కులకు పంచుట, దోషము పొడసూపిన తీగను తక్కిన వ్యవస్థనుండి తత్క్షణమే వేరుచేయుట అను మూడు కార్యములు దానివి. సామాన్యముగా మొదటిదానినే గొప్పగా చెప్పుదురు. కాని మార్చుటయందు ట్రాన్స్‌ఫార్మరు దాదాపు తనంత తానే పనిచేయును. పంచుటకు సమయమును, యోచనయు ఉండును. వేరుచేయుటకు మాత్రము రెండును ఉండవు. ఉపకేంద్రమున పడు శ్రద్ధలో పెద్దపాలు ఈ మూడవ కార్యమునకే చెందునని చెప్పుట అతిశయోక్తి కాదు.

సాగరు ఎడమకాలువ కింద సేద్యము చేయు రైతునకు ఈ ఏర్పాటు తెలియని విషయము కాదు. ప్రధానకాలువనుండి మేజరుకును, మేజరునుండి మైనరుకును, అచటినుండి తూము ద్వారా పంటబోదెకును నీరు దిగివచ్చునట్లే, 400 కె.వి. తీగనుండి 220కి, 220 నుండి 132కి, 132 నుండి 33కి, 33 నుండి 11 కె.వి.కిని విద్యుత్తు మెట్లుమెట్లుగా దిగి, కడపట ఊరి ట్రాన్స్‌ఫార్మరు వద్ద 433 వోల్టులై, ఇంటికి ఒక ఫేజున సుమారు 230 వోల్టులుగా చేరును. అయితే ఈ పోలిక ఒకచోట తెగిపోవును. కాలువలో నీటిని రేపటికి నిలుపవచ్చును. తీగలో విద్యుత్తును నిలుప వీలులేదు. ఏ క్షణమున ఎంత వాడుకయో ఆ క్షణమున అంతయే ఉత్పత్తి జరుగవలెను. ఈ ఒక్క నియమమునుండియే ఉపకేంద్రపు కష్టములు పెక్కు పుట్టుచున్నవి.

ఇన్ని మెట్లు ఏల యను ప్రశ్నకు లెక్కయే సమాధానము చెప్పును. 100 మెగావాట్ల శక్తిని మూడు ఫేజులలో పంపవలసివచ్చినపుడు, 11 కె.వి. వద్ద ఒక్కొక్క తీగలో సుమారు 5,250 ఆంపియర్లు ప్రవహింపవలెను, 33 కె.వి. వద్ద 1,750, 132 కె.వి. వద్ద 437, 400 కె.వి. వద్ద 144 ఆంపియర్లే చాలును. తీగ వేడెక్కి నష్టమగు శక్తి ప్రవాహము యొక్క వర్గమును అనుసరించి పెరుగును గనుక, అదే తీగలో 132కి బదులు 33 కె.వి. వద్ద అంత శక్తిని పంపినచో నష్టము 16 రెట్లును, 11 కె.వి. వద్ద పంపినచో 144 రెట్లును అగును. కనుకనే దూరమునకు ఎక్కువ వోల్టేజి, గడపకు తక్కువ వోల్టేజి. ఈ న్యాయమును అనుసరించియే తెలుగు రాష్ట్రములలో వినియోగదారులకు సైతము మెట్లు ఏర్పరచిరి: 1,500 కె.వి.ఎ. వరకు ఒప్పందము చేసికొన్నవారికి 11 కె.వి., దానిపైన 5,000 వరకు 33 కె.వి., ఆ పైవారికి 132 కె.వి. లేదా అంతకు మించిన వోల్టేజి. ఇందుచేత మిర్యాలగూడ బియ్యపుమిల్లు సాధారణముగా చిన్న ఉపకేంద్రపు ఫీడరుపై ఆధారపడగా, విష్ణుపురము, మేళ్లచెరువు, మట్టంపల్లి ప్రాంతముల సిమెంటు కర్మాగారములు తమ ఆవరణలోనే ఒక ఉపకేంద్రమును నెలకొల్పుకొని, ప్రసారసంస్థ తీగలతో నేరుగా సంబంధము పెట్టుకొనుచున్నవి.

ఈ జాలము ఒక్కనాట అల్లబడినది కాదు. నిజాం రాజ్యమున 1920లో హైదరాబాదునందు హుసేనుసాగరు ఒడ్డున స్థాపితమైన థర్మల్ కేంద్రము వంటివి తమ పురమునకు మాత్రమే వెలుగునిచ్చెడివి. ఒక కేంద్రము ఆగినచో ఆ పురమంతయు చీకటియే గాని, పొరుగువారి సాయము పొందు మార్గము లేకుండెను. మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము 1955లో ప్రారంభమగుటయు, 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడుటయు దూరప్రసారమునకు రాష్ట్రవ్యాప్తమైన రూపమునిచ్చినవి. నాగార్జునసాగరునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలెను. ప్రధాన విద్యుద్గృహమున మొదటి యంత్రము తిరుగుటకు మాత్రము 1978 వరకు వేచియుండవలసివచ్చెను. అనగా సాగరు నీరు పొలములకు చేరిన పదేండ్లకు పైబడి గాని సాగరు విద్యుత్తు తీగకు ఎక్కలేదు. ఆ నడుమ కొత్తగూడెమును, ఆ వెనుక 1979లో విజయవాడయు, 1983లో రామగుండమును వచ్చి చేరినవి. రామగుండమునుండి నాగార్జునసాగరు మీదుగా కడప, మద్రాసుల దిక్కునకు 400 కె.వి. తీగ సాగుటతో సాగరు ఉపకేంద్రము దక్షిణ భారత జాలమునకు ఒక ముఖ్యమైన ముడియైనది. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ మండలిని ఉత్పత్తి, ప్రసార సంస్థలుగా విభజించిరి. మరుసటి యేట పంపిణీని నాలుగు సంస్థలకు అప్పగించిరి. నేడు ఈ సీమలో 132 కె.వి., ఆ పై ఉపకేంద్రములు ముఖ్యముగా తెలంగాణ ట్రాన్స్‌కో అధీనమునను, 33/11 కె.వి. ఉపకేంద్రములు దక్షిణ పంపిణీ సంస్థ అధీనమునను ఉన్నవి. సాగరు వద్ద 400 కె.వి. ఉపకేంద్రము కేంద్రప్రభుత్వ సంస్థయగు పవర్‌గ్రిడ్‌ది. సూర్యాపేటయందు 400 కె.వి., నార్కట్‌పల్లి, మిర్యాలగూడలయందు 220 కె.వి. ఉపకేంద్రములు ఈ పరిధికి ఆధారస్తంభములు.

ఉపకేంద్రపు ఆవరణమున మొదట కంటబడునది కంకర. అది శోభకొరకు పరచినది కాదు: భూమిలో పాతిన ఇనుప వలలోనికి దోషవిద్యుత్తు దిగునపుడు, అచట నిలిచిన మనిషి పాదములకును నేలకును నడుమ ఆ రాతిపొర నిరోధమై ప్రాణమును కాచును. దానిపైన ఉక్కు చట్రములపై సాగుచు తీగలన్నిటిని కలుపు బస్‌బార్లు. ప్రతి తీగ చివర పిడుగు దెబ్బను భూమికి మళ్లించు లైట్నింగ్ అరెస్టరు. ప్రవాహమును, వోల్టేజిని కొలతకు అనువుగా తగ్గించి చూపు సి.టి., పి.టి.లు, ప్రవాహము లేనపుడు మాత్రమే తెరువదగిన ఐసొలేటరు, దోషప్రవాహమును సైతము తెంచగల సర్క్యూట్ బ్రేకరు. పూర్వము బ్రేకరులో నూనెను నింపెడివారు, ఇపుడు ఎస్.ఎఫ్.6 అను వాయువు ఆ స్థానమును ఆక్రమించినది. అన్నింటికంటె వెలగలదియు, మెల్లగా ముసలిదగునదియు ట్రాన్స్‌ఫార్మరు. దాని చుట్లకు చుట్టిన కాగితమే దాని ఆయుర్దాయము: అత్యుష్ణస్థానమున వేడిమి 98 డిగ్రీలు దాటిన పిదప ప్రతి 6 డిగ్రీల పెరుగుదలకు ఆ కాగితపు వార్ధక్యపు వేగము ఇనుమడించునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. వేసవిలో 45 డిగ్రీల ఎండ అరుదుకాని ఈ కృష్ణాతీరమున, మధ్యాహ్నపు మోటార్ల భారమును ఎండయు కలిసిన వేళ, పంకాలు తిరుగుచున్నవా, నూనె మట్టము సరిగానున్నదా, గాలి పీల్చు గొట్టమునందలి సిలికాజెల్ నీలివర్ణము వీడి గులాబిరంగుకు తిరిగినదా అని చూచు ఆపరేటరు శ్రద్ధకు కోట్ల రూపాయల విలువ కలదు.

దోషము సంభవించినపుడు మనుష్యుని శ్రద్ధ చాలదు. గాలివానకు చెట్టుకొమ్మ తీగపై బడుట, ఉడుతయో పామో బస్‌బారు నెక్కుట, పిడుగు పడుట మున్నగు వాని వలన సహస్రాధిక ఆంపియర్లు ఒక్కసారిగా భూమిలోనికి పరుగెత్తును. రిలే దానిని పసిగట్టి ఆజ్ఞ యిచ్చుట, బ్రేకరు తెరచుకొనుట అను రెండును కలిసి 400 కె.వి. తీగపై సెకనులో పదవవంతు లోపలను, 220, 132 కె.వి. తీగలపై 160 మిల్లీసెకనుల లోపలను ముగియవలెనని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రమాణము. సెకనుకు 50 ఆవృత్తుల విద్యుత్తునకు అది ఐదు లేక ఎనిమిది ఊగులాటల కాలము. ఆలోగా బ్రేకరు తెరచుకొననిచో దాని వెనుకనున్న బస్‌బారునంతను ఖాళీచేయు ఏర్పాటొకటి, అదియు విఫలమైనచో దూరపు ఉపకేంద్రము తనవైపు తెంచుకొను ఏర్పాటొకటి కలవు. తీగలన్నియు చచ్చినను ఈ రిలేలు మేల్కొని యుండవలెను గనుక, వానికి ఏ.సి. విద్యుత్తును గాక బ్యాటరీలనుండి డి.సి. విద్యుత్తును ఇత్తురు. బ్యాటరీగది చూడముచ్చటైనది కాదు, సందర్శకులు దానిని చూడగోరరు. కాని అనుభవజ్ఞుడైన ఇంజనీరు తనిఖీకి వచ్చినపుడు తొలుత అడుగునది దానినే.

ఈ సీమయందలి వాడుకదారులు మూడు తెగలు. మొదటిది సేద్యము. 2004 మే 14న వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ప్రకటింపబడినది. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున దానిని 24 గంటలును ఇచ్చిరి. అంతకుముందు ఫీడర్లను జట్లుగా విడదీసి, ఒక జట్టునకు పగలును మరొక జట్టునకు రాత్రియు వంతులవారీగా త్రీఫేజు సరఫరా చేయుచుండగా, ఉపకేంద్రములోని ఆపరేటరు గడియారమును బట్టి బ్రేకర్లు వేయుచు తీయుచు ఉండెడివాడు; రైతు రాత్రి కరెంటునకై టార్చిలైటుతో పొలమునకు పోయి పాముకాటుకును, విద్యుద్ఘాతమునకును గురియైన దుఃఖగాథలు ఈ ప్రాంతమున వినని ఊరు లేదు. ఆ బాధనుండి తప్పించుకొనుటకు రైతు తన మోటారునకు ఆటోస్టార్టరు బిగించుకొనెను. అది అతనికి నిద్రనిచ్చినది. ఉపకేంద్రమునకు మాత్రము కొత్త చిక్కు తెచ్చినది. ఫీడరు ఆగి మరల వచ్చిన నిమిషముననే వందలకొలది మోటార్లు ఒక్కపెట్టున లేచుటయు, లేచునపుడు ఒక్కొక్కటి తన సహజప్రవాహమునకు ఐదారురెట్లు లాగుటయు జరిగి, వోల్టేజి కుంగి, కొన్ని వేళల ఫీడరు మరల ట్రిప్పగుచుండును. 24 గంటల సరఫరా వచ్చిన పిమ్మట ఆటోస్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వము రైతులను కోరుటకు నీటి పొదుపుతో బాటు ఇదియు ఒక కారణము.

రెండవ తెగ బియ్యపుమిల్లులు. ఎడమకాలువ నీటితో పండిన వడ్లు మిర్యాలగూడ చుట్టుపట్ల మిల్లులకు చేరు కోతకాలమున వీని భారము ఉద్ధృతమై, తక్కిన కాలమున పలుచబడును. మూడవ తెగయగు సిమెంటు కర్మాగారముల స్వభావము దీనికి విపరీతము. కృష్ణకు ఇరుగట్టుల సున్నపురాయిని ఆధారము చేసికొని వెలసినవి ఇవి. వాడపల్లి పక్కన విష్ణుపురమునందలి రాశీ సిమెంటు కర్మాగారము 1998లో ఇండియా సిమెంట్స్ చేతికి వచ్చినది. కొలిమి ఒకసారి రాజుకొన్న పిమ్మట రేయింబవళ్లు తిరుగవలసినదే. ఒక క్షణము వోల్టేజి కుంగినను, తిరుగుచున్న కొలిమి ఆగి, దాని వేడి గొట్టము వంగు ప్రమాదము కలుగును. ఋతువును బట్టి లేచి పడు భారమును, ఏనాడును పడరాని భారమును ఒకే వ్యవస్థ మోయవలసియుండుట ఈ సీమ విశేషము. ఈ మూడు తెగలకును సామాన్యమైన దోషమొకటి కలదు. మోటార్లన్నియు పని చేయు శక్తితో బాటు అయస్కాంత క్షేత్రమును నిలుపుకొనుటకు ప్రతిక్రియాశక్తిని కూడ కోరును. దానిని దూరమునుండి తెప్పించినచో తీగలు వృథాగా నిండి వోల్టేజి పడిపోవును. అందుచేత ఉపకేంద్రమునందే కెపాసిటరు బ్యాంకులను నిలిపి, ఆ శక్తిని అక్కడికక్కడ సమకూర్తురు. మిగిలిన కొరతను ట్రాన్స్‌ఫార్మరు ట్యాపును మెట్టు మెట్టుగా మార్చి తీర్తురు. ట్యాపు మార్చుట వోల్టేజిని సర్దునే గాని శక్తిని సృష్టింపదని మరచి, కరెంటు తక్కువ వచ్చినపుడెల్ల ట్యాపు పెంపుమని ఉపకేంద్రమునకు ఫోను చేయువారు నేటికిని పెక్కుమంది.

సిమెంటు పరిశ్రమ వలన మరొక చిక్కు. కర్మాగారపు ధూళి పింగాణీ ఇన్సులేటర్లపై పేరుకొని, శీతకాలపు మంచుకు తడిసి గట్టిపడి, నీళ్లతో కడిగినను పోని పొరయగును. ఆ తడిపొర వెంబడి తెల్లవారుజామున విద్యుత్తు పాకి మెరుపు కొట్టి, గాలివాన లేకయే తీగ ట్రిప్పగును. పాలిమరు ఇన్సులేటర్లను అమర్చుట, శీతకాలమునకు ముందే తుడిపించుట ఇందులకు ప్రతీకారములు. తుడుచువాని ప్రాణము ఎల్‌సి అను కాగితముపై ఆధారపడియున్నది. లైన్ క్లియర్ అను మాటకు సంక్షేపమైన ఈ ఎల్‌సిని ఇచ్చుటకు ముందు ఆపరేటరు బ్రేకరు తీసి, ఐసొలేటరు తెరచి, తీగను భూమికి కలిపి, ఆ పిదపనే పుస్తకమున సంతకము చేయవలెను. లైన్‌మన్ పని ముగించి, మనుష్యులును పనిముట్లును దిగిరని చెప్పి ఎల్‌సి తిరిగి ఇచ్చువరకు ఎంతటి అధికారి ఆజ్ఞాపించినను ఆ తీగను చార్జి చేయరాదు. ఇంత చేసినను, మిల్లులోనో ఇంటిలోనో జనరేటరు సరిగా వేరుచేయక నడిపినచో విద్యుత్తు వెనుకకు వచ్చి స్తంభముపైనున్నవానిని చంపగలదు. పనిచేయు చోటునకు ఇరుపక్కల భూమికి కలుపుట ఇందులకే.

ఇక సమగ్రజాలమునకు వత్తము. ఉత్పత్తికిని వాడుకకును గల తూకమును చూపునది ఆవృత్తి. అది సెకనుకు 50. వాడుక మించినచో తగ్గును, ఉత్పత్తి మించినచో పెరుగును. 1990లలో దక్షిణజాలమున అది తరచుగా అడుగంటుచుండెను. 2003 జనవరి 1 నుండి, ఆవృత్తి తక్కువయున్న వేళ అధికముగా లాగినవారికి అధికమైన ధరను విధించు పద్ధతి ప్రవేశపెట్టగా స్థితి చక్కబడినది, ఇపుడు 49.90, 50.05 నడుమ నిలుపవలెనని నియమము. అంతకంటె మిక్కిలిగా పడిపోయినచో, జాలపు తూకమును కనిపెట్టు బెంగుళూరు ప్రాంతీయ కేంద్రముగాని హైదరాబాదు రాష్ట్ర కేంద్రముగాని ఫోను చేయునంతవరకు ఆగకుండ, ఉపకేంద్రములలోని రిలేలే కొన్ని ఫీడర్లను వంతులవారీగా తెంచివేయును. కొన్ని గ్రామములు చీకటిలో ఉండుట కష్టమే. కాని తెంచక ఉపేక్షించినచో ఏమగునో 2012 జులై 30, 31 తేదీలయందు ఉత్తరాదిన జాలము కూలి కోట్లాది జనులకు అనుభవమునకు వచ్చినది. నాడు దక్షిణజాలము ఆ పతనమున చిక్కుకొనలేదు, ఏలయనగా రామగుండము–భద్రావతి, గాజువాక మొదలగు చోట్ల డి.సి. లంకెలతో మాత్రమే అది తక్కిన దేశముతో ముడిపడియుండెను. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కె.వి. తీగ ద్వారా అది దేశజాలముతో ఏకావృత్తమైనది. నాటినుండి కోదాడలో తిరుగు పంకాయు, కాశ్మీరములో తిరుగు పంకాయు ఒకే ఆవృత్తికి లోబడియున్నవి: సాయమును ఎక్కువ, సంక్రమించు ప్రమాదమును ఎక్కువ.

తూకము తప్పినపుడు నిమిషములలో సర్దగలవానిలో జలయంత్రములు ముఖ్యములు. సాగరు ప్రధాన విద్యుద్గృహమున 110 మెగావాట్లది ఒకటియు, 100.8 మెగావాట్లవి ఏడును కలిపి 815.6 మెగావాట్లు, ఆ ఏడును తిరుగబడి నీటిని ఎగువకు ఎత్తిపోయగల యంత్రములు. అట్లు ఎత్తుటకు దిగువన నీరు నిలువవలెను గనుక సత్రశాల వద్ద టెయిల్‌పాండు నిర్మించిరి. సౌరవిద్యుత్తు సమృద్ధిగానుండు మధ్యాహ్నమున నీటిని ఎత్తి, పొద్దుగ్రుంకిన పిదప భారము పెరిగినపుడు దింపు ఈ ఏర్పాటు, విద్యుత్తును నిలుపలేమను పూర్వోక్త నియమమునకు మానవుడు కనుగొన్న ఉపాయములలో ఘనమైనది. దిగువన పులిచింతల వద్ద తెలంగాణమువారి విద్యుద్గృహమున 30 మెగావాట్ల యంత్రములు నాలుగు కలవు. దామరచర్ల మండలములోనే వీర్లపాలెము వద్ద 2015 జూన్ 8న శంకుస్థాపన జరిగిన యాదాద్రి థర్మల్ కేంద్రము 800 మెగావాట్ల యూనిట్లు ఐదింటితో 4,000 మెగావాట్లకు ఉద్దేశింపబడినది. అందు ఒక యూనిట్‌ను 2024 డిసెంబరులో ప్రారంభించిరి. ఇంత శక్తి కంటి ముందు పుట్టుచున్నను, ఆ 400 కె.వి. తీగనుండి పక్క పల్లెకు సూటియైన త్రోవ లేదు. ఎక్కడనో 220, 132 కె.వి.లకు దింపబడియే అది ఊరి ఫీడరునకు రావలెను. తీగల కింద పొలమున్న రైతు, మా తలపైనున్న కరెంటు మాకేల తక్కువ వచ్చుచున్నదని అడుగు ప్రశ్నకు ఇదియే హేతువు. అతని ఊరి వోల్టేజిని నిర్ణయించునది పెద్ద కేంద్రము గాక, దగ్గరి 33/11 కె.వి. ఉపకేంద్రపు సామర్థ్యము.

2014 జూన్ 2న రాష్ట్రము విభక్తమైనపుడు కృష్ణ ఇచట రాష్ట్రసీమయైనది. విద్యుత్ ఒప్పందములలో తెలంగాణమునకు 53.89, ఆంధ్రప్రదేశమునకు 46.11 శాతముగా పంపకము జరిగెను. తీగలను మాత్రము అట్లు పంచ వీలులేదు. తాళ్లపల్లి–నాగార్జునసాగరు, చిల్లకల్లు–నార్కట్‌పల్లి 220 కె.వి. తీగల వంటివి నిన్నటివరకు ఒకే సంస్థవై యుండి, ఒక్కరాత్రిలో అంతరరాష్ట్రీయములయ్యెను. సాగరు యంత్రములు తిరుగు వేళ ఒక దిక్కునకును, విజయవాడ థర్మల్ కేంద్రము అధికముగా ఉత్పత్తి చేయు వేళ మరొక దిక్కునకును పారుటకు అవకాశమున్న వీని ప్రవాహము ఒప్పందములను గాక తీగల నిరోధములను అనుసరించి నడచును. కావున ఇట్టి తీగల చివరలయందలి ఉపకేంద్రములలో ప్రత్యేకమైన మీటర్లను అమర్చి, దినమును 15 నిమిషముల ఖండములు 96గా విభజించి, ఒక్కొక్క ఖండమున ఏవైపునకు ఎంత పోయినదో నమోదు చేసి, ఇరు రాష్ట్రముల లెక్కలను బెంగుళూరు కేంద్రమున సరిచూచుచున్నారు.